ఆవిరి మీద కజ్జికాయలు

ప్రొద్దుటూరులో డాక్టరుకు చూపించుకుని జమ్మలమడుగుకు తిరిగి బయలుదేరిన మధ్యాహ్నం, బస్టాండు దాటాక మా అక్క కారు ఆపమంది. ఎడమవైపు కొత్తగా తెరిచిన చిన్న హోటలు. తలుపుకు అటూ ఇటూ ఎర్ర కాగితపు దీపాలు వేలాడుతున్నాయి. బోర్డు మీద ‘చైనీస్ డంప్లింగ్స్’ అని తెలుగులో రాసి, పక్కన వెదురు బుట్టలో పొగలు కక్కుతున్న తెల్లటి పిండి పొట్లాల బొమ్మ వేయించారు.

“ఏందబ్బీ అవి? కజ్జికాయల మాదిరి ఉండాయే,” అంది.

“ఆవిరి మీద ఉడికిస్తారక్కా. లోపల కైమా గానీ క్యాబేజీ గానీ పెడతారు.”

“మెత్తగా ఉంటాయా?”

“ఉంటాయి.”

“అయితే తిందాం పా.”

నేను వెంటనే కారు దిగలేకపోయాను. రేడియేషన్ మొదలైన తర్వాత, తింటానని ఆమె తనంతట తాను అనడం అదే మొదటిసారి.

మా అక్కను పులివెందుల దగ్గర చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, ఉన్న ఇంటికి ఇచ్చారు. ఆమెకు వక్కాకు అలవాటు. చెంప లోపల మానని పుండు లేస్తే చాలా కాలం పన్ను గీసుకున్న గాయం అనుకున్నారు. క్యాన్సర్ అని తేలిన తర్వాత పుండును మాడ్చడానికి పంపిన కిరణం, దాని చుట్టూ ఉన్న వాటిని కూడా మాడ్చింది. నోట్లో నీరు ఊరడం ఆగిపోయింది. నాలుకకు ఉప్పు, పులుపు, తీపి తెలియకుండా పోయాయి. నోటి లోపలి చర్మం ఎంత పలచబడిందంటే, ఇంటి చుట్టూ కాసిన చీనీకాయల రసం ఒక్క చుక్క తగిలినా ఆమె గోడ పట్టుకుని నిలబడిపోయేది. డాక్టరుకు దగ్గరగా ఉంటుందని నేనే ఆమెను జమ్మలమడుగులో మా ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ రోజు డాక్టరు మాట దాచకుండా చెప్పాడు. తూకం ఇలాగే పడిపోతూ ఉంటే, వచ్చే వారం ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేయక తప్పదు. నోటితో కొంచెమైనా తినగలిగితే ఆ అవసరం రాదు. అక్క బయటికి వచ్చి, “గొట్టం పెట్టుకోని బతికేదానికి నేనేమన్నా బోరు మోటారునా?” అంది.

కారు దిగేటప్పుడు పైట చెంగు మెడ చుట్టూ తిప్పుకుంది. అక్కడ చర్మం కమిలి, నల్లబడి ఉండేది.

“లోపల రోగం సంగతి చెప్పాకు. చెప్తే అందరూ నా నోటి దిక్కే సూస్తారు. నేను మింగేది వాళ్ళు మింగినట్టు ఉంటాది.”

హోటల్లో బల్లలు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. గోడవారగా ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. బంగారు అంగళ్ళ వైపు నుంచి వచ్చిన వాళ్ళని మాటలను బట్టి తెలిసింది. యజమానే వంటవాడు. ప్రొద్దుటూరు ముస్లిం, నడివయసు మనిషి. కువైట్‌లో చైనా వాళ్ళ హోటల్లో చాలా ఏళ్ళు పనిచేసి, తిరిగివచ్చి ఇది పెట్టుకున్నాడు. ఆ సంగతి మేము అడగకముందే చెప్పాడు.

“ఆడ దీనికోసం వరసలో నిలబడతాండ్రి సార్. ఈడ వచ్చేటోళ్ళు ఒకసారి తిని మళ్ళా రాలా.”

గోడవార కూర్చున్న వాళ్ళలో ఒకాయన అందుకున్నాడు. “వచ్చేదెట్లా మామా? దీంతోపాటు మాత్రలు గూడా ఇస్తావా? మా అవ్వకు జెరమొస్తే ఇట్లాంటి కూడే పెడతాంటిమి.”

“మాత్రలు పక్కంగట్లో దొరుకుతాయి మామా. నా దాంట్లో కైమా ఉండాది, ఇప్పుకొని సూసుకో.”

“కైమా ఉండాదిలే. దానికీ పథ్యమే పెట్టినావు పాపం.”

ఇద్దరూ నవ్వారు. వంటవాడూ నవ్వాడు గానీ, నవ్వు ముగించకుండానే మా వైపు తిరిగాడు. మా ప్రాంతంలో నూనె, కారం లేకుండా ఆవిరి మీద ఉడికినది ఏదైనా మంచం పట్టిన వాళ్ళ తిండి కిందే లెక్క. ఇడ్లీని కూడా ఎర్రకారంలో అద్దితే తప్ప ఆరోగ్యంగా ఉన్న మనిషి తినడు. హోటల్ పెట్టేముందు ఆయన ఈ సంగతి మరిచిపోయాడో, కువైట్‌లో నిలబడిన వరస చూసి ఇక్కడా మారుతుందనుకున్నాడో నాకు తెలియదు.

“మాకు సప్పిడివే పెట్టండి. కారం అసలు వద్దు,” అన్నాను.

ఆయన ముఖం వికసించింది.

పొయ్యి మేము కూర్చున్న చోటి నుంచి కనిపిస్తుంది. నేను థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ల దగ్గర పనిచేస్తాను కాబట్టి అటు చూడకుండా ఉండలేను. బుట్ట మూత సందులోంచి లేస్తున్న తెల్లటిది నిజానికి ఆవిరి కాదు, చల్లబడి తిరిగి నీరైన తుంపర. అసలు ఆవిరి కంటికి కనబడదు. మూత అంచుకూ ఆ తెలుపుకూ మధ్య ఖాళీగా కనిపించే వేలెడు జాగాలో ఉంటుంది. మా దగ్గర ఆవిరిలో తడి ఉంటే టర్బైన్ రెక్కలు తినుకుపోతాయి కాబట్టి దాన్ని పూర్తిగా పొడిగా చేస్తాం. ఇక్కడ కావలసింది ఆ తడే. తడి ఆవిరి పిండిలోకి దిగుతుంది, అంచులు కూడా గట్టిపడవు. నీరు ఊరని నోటికి ఇంతకంటే అనువైన తిండి ఉండదని నాకు అప్పుడు అనిపించింది. ఇంటి దగ్గర ఇడ్లీ పొడి పొడిగా విరిగి గొంతుకు అడ్డంపడేది. జావ చూస్తేనే ఆమెకు వికారం. ఇది పైన జారుతుంది, లోపల రసం ఉంటుంది, విరగదు.

బుట్ట వచ్చింది. అక్క ఒకదాన్ని చెంచాతో సగం చేసి, కుడి దవడ వైపు పెట్టుకుంది. నేను ఆమె నోటిని చూడకుండా గొంతునే చూస్తూ కూర్చున్నాను. గొంతు కదిలింది. రెండో సగం కూడా దిగింది.

“ఎట్లుండాది?”

“తడిగుడ్డ నమిలినట్టుండాది,” అంది. “అయినా పోతాండాది లే.”

రెండోది కూడా మొత్తం తినింది. నాకు లోపల లెక్కలు మొదలయ్యాయి. వెదురు బుట్ట ఒకటి కొనవచ్చు. కైమా రుబ్బి పెట్టుకోవచ్చు. ఇంట్లో ఇడ్లీ పాత్ర ఉండనే ఉంది. వచ్చే వారం తూకం పెరగకపోయినా నిలబడితే చాలు. డాక్టరు ఇంకొంత గడువు ఇస్తాడు.

వంటవాడు పలచగా ఒత్తిన మైదా అప్పడాల పళ్ళెం, కైమా గిన్నె పట్టుకుని మా పక్క బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. మడుస్తూ మాట్లాడాలని వచ్చాడు.

“ఇన్ని దినాల్లో సప్పిడివి అడిగి తిన్నోళ్ళు మీరేనక్కా. రోగులు తప్ప ఇది ఎవరూ తినరంటారు ఈడ.” గొంతు పెంచి గోడవార వాళ్ళకు వినిపించేలా అన్నాడు. “సూడండి మామా, అక్క నిక్షేపంగా ఉండాది. ఇష్టంగా తింటాండాది.”

ఇద్దరూ తిరిగి అక్కను చూశారు. అక్క పైట చెంగును ఇంకొంచెం పైకి లాక్కుంది.

“నాకేం, గుండ్రాయి మాదిరి ఉండా,” అంది. “మా తమ్మునికే బీపీ. వానితో కలిసి తినాల్సి వచ్చినప్పుడు నాకూ ఇదే గతి.”

“అట్లయితే మీకెందుకక్కా సప్పిడి? ఏ ఊరు మీది?”

“పులివెందల.”

“అయ్యో, పులివెందలోళ్ళకు కారం లేకుండా పెట్టి పంపితే నా మొగం యాడ పెట్టుకోవాల?”

అక్క చూపు ఆయన వేళ్ళ మీద ఉంది. ఆయన అప్పడం మధ్యలో కైమా పెట్టి, సగానికి మడిచి, అంచును చిన్న చిన్న కుచ్చులుగా నొక్కుతున్నాడు. అదే మా వైపు కజ్జికాయ అంచు. అచ్చుతో నొక్కినది త్వరగా అవుతుంది గానీ, పెళ్ళిళ్ళలో పెట్టే సారెకు చేత్తో జడలా అల్లిన అంచే ఉండాలని పెద్దవాళ్ళ పట్టింపు. ఆ పని కోసం వేముల వైపు ఊళ్ళ నుంచి కూడా అక్కకు పిలుపులు వచ్చేవి. ఆమె అల్లిన అంచు నూనెలో విచ్చుకున్నదని ఎవరూ అనగా నేను వినలేదు.

“ఒకటి ఇట్లియ్యి,” అంది.

ఆయన అప్పడం ఇచ్చాడు, తన గిన్నెలోంచి కైమా పెట్టాడు. అది ఎర్రగా ఉంది; ఊరివాళ్ళ కోసం కారం కలిపి చూస్తున్నాడట. అక్క అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో అంచును లోపలికి తోస్తూ చూపుడువేలితో పట్టేస్తూ, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ఆపకుండా అల్లుకుపోయింది. వంటవాడు మడవడం ఆపేశాడు.

“నా దగ్గర పనికి వస్తావా అక్కా?”

“జీతమేం ఇస్తావు, ఈ తడిగుడ్డలేనా?”

గోడవార వాళ్ళు కూడా నవ్వారు. ఆయన దాన్ని వేరే బుట్టలో పెట్టి పొయ్యి దగ్గరికి తీసుకుపోయాడు. నేను గొంతు తగ్గించి, “అక్కా, దాంట్లో కారం ఉంది. తినాకు,” అన్నాను.

“తెలుసులే.”

“ఆయనకు చెప్తాను.”

“ఏమని చెప్తావు? సప్పిడి తిన్న ఒక్కతె గూడా రోగిష్టిదేనని వాళ్ళ ముందర చెప్తావా?”

ఆయన దాన్ని పళ్ళెంలో తెచ్చి పెట్టాడు. అల్లిక చెక్కుచెదరలేదు. పైన ఎర్రకారం కూడా వేశాడు. అక్క తన చేత్తో చేసుకున్నది వట్టిగా ఎట్లా తినిపిస్తామని అన్నాడు. తర్వాత అక్కడే నిలబడ్డాడు. గోడవార ఇద్దరూ చూస్తున్నారు.

అక్క దాన్ని చెంచాతో కోయలేదు. వేళ్ళతో పట్టుకుని కొరికింది. ఆమె ఎడమచెయ్యి బల్ల కింద నా మోకాలి మీద పడి బిగుసుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. కారం తిన్న ఎవరికైనా కారేవే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. మొత్తం తినింది. నీళ్ళు తాగి, “ఇది తిండంటే. మా ఊర్లో గూడా ఇంత బాగా చెయ్యరు,” అంది.

గోడవార పెద్దమనిషి, “అక్క తినిందే మాకు గూడా రెండు పళ్ళేలు పెట్టు మామా,” అన్నాడు. వంటవాడు దాదాపు పరుగెత్తాడు.

కారులో అక్క పెదాలకు తడి రుమాలు అద్దుకుంటూ కూర్చుంది. జమ్మలమడుగు దగ్గర పడుతుండగా పెన్నలో ఇసుక తెల్లగా కనిపించింది. అప్పుడు మాట్లాడింది.

“సప్పిడి కాబట్టే రుచి తెలీడంల్యా అనుకుంటాంటి ఇన్ని దినాలు. కారం తగిల్తే నాలిక లేస్తాదేమో అనుకున్యా.”

రుమాలు మళ్ళీ తడిపి పెదాలకు అద్దుకుంది.

“మంట తెలిసింది అబ్బీ. రుచి తెలీలా.”

కారం నిజానికి రుచి కాదు. నాలుక మీద అది నొప్పిగానే నమోదవుతుంది; రుచి మొగ్గలు చచ్చిపోయినా నొప్పి నరాలు బతికి ఉంటాయి. ఈ సంగతి నాకు ముందే తెలుసు. ఆమె ఆశ పెట్టుకున్నది దాని మీదేనన్నది మాత్రం తెలియదు.

ఆ రాత్రి నుంచి పుండ్లు మళ్ళీ విచ్చుకున్నాయి. నీళ్ళు కూడా దిగలేదు. వారం దాకా ఆగకుండా ఆమే, “గొట్టం ఏయించు పా,” అంది.

తర్వాత పులివెందులలో తన ఇంటికే వెళ్ళింది. పుండ్లు కొంత తగ్గాక, నోటితో మెత్తనివి మళ్ళీ ప్రయత్నించవచ్చని డాక్టరు పెద్ద నమ్మకం లేకుండానే అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను ప్రొద్దుటూరు హోటలుకు వెళ్ళాను. వెదురు బుట్టలు లేవు. వాటి చోట పెద్ద బాణలి ఉంది. ముందు బల్లలు నిండి ఉన్నాయి. వంటవాడు నన్ను గుర్తుపట్టాడు.

“అక్క రాలేదా సార్?”

“ఊర్లో ఉంది. సప్పిడివి కొన్ని కట్టివ్వండి.”

“ఆవిరివి ఆపేసినా సార్. ఇప్పుడన్నీ నూనెవే, కారంవే. ఆ పొద్దు అక్క అన్న మాట ఆ మామ ఊరంతా చెప్పినాడు. సప్పిడివి తినే అక్కనే ‘కారందే తిండంటే’ అనె, ఇంక నేనెవరి కోసం ఉడకబెట్టాల?” డబ్బా నిండా వేయించినవి పెట్టి నా చేతిలో ఉంచాడు. “అక్కకు నా సలాం చెప్పండి.”

పులివెందుల పోయేసరికి అవి చల్లబడి, గట్టిపడ్డాయి. అక్క మంచం మీద కూర్చుని డబ్బా మూత తీసింది. ముక్కు దగ్గర అంటించిన పట్టీ మధ్యలోంచి గొట్టం చెవి వెనక్కి పోయి ఉంది. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, అంచు వెంబడి వేలితో రాసి చూసింది.

“అచ్చుతో నొక్కినాడు,” అంది.

“గిరాకీ పెరిగిందంట అక్కా.”

“పోనీలే.”

దాన్ని తిరిగి డబ్బాలో పెట్టి, నూనె వేళ్ళను పైటకు తుడుచుకుని, తల కొంచెం పైకెత్తింది. నేను గొట్టం మూత విప్పి, గరాటు తగిలించి పైకి పట్టుకుని వడగట్టిన జావ పోశాను. అది తన బరువుకు తానే నెమ్మదిగా దిగింది.