ముందు సీట్లో బ్రేకు ఇన్‌స్పెక్టరు

రవాణా శాఖలో నా చివరి పోస్టింగు గుంటూరు. రిటైరవడానికి ముందటి చలికాలంలో నాకు ఒక అదనపు పని అప్పగించారు. ఒకే వైపు వెళ్లే ఉద్యోగులు తలా ఒక కారు తీయకుండా, ఒకే కారులో కలిసి వెళ్లేలా ఒప్పించాలి. హోదాకి నేను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును, జనం నోట బ్రేకు ఇన్‌స్పెక్టరును. బండిని పరీక్షించి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఇవ్వడం నా పని. నడిపే మనిషి ఆ పూట ఎలా ఉన్నాడో రాసే గడి మా ఫారాల్లో ఉండదు.

ప్రత్తిపాడు అవతల ఒక హైస్కూలు టీచర్లు ముందుగా ఒప్పుకున్నారు. కారు లెక్కల మాస్టారు సుధాకర్ గారిది. బ్రేకులు, టైర్లు, ఇన్సూరెన్సు నేనే చూశాను. కిరాయి తీసుకుంటే టాక్సీ పర్మిట్టు కావాలని హెచ్చరించాను. నెల గడిచాక, ఎలా నడుస్తోందో చూద్దామని ఒక ఉదయం వాళ్లతో బయలుదేరాను.

పెద్దవాళ్లకు ముందు సీటు ఇవ్వడం మన వైపు మర్యాద. రోజూ అందులో హిందీ పండిట్ గారు కూర్చుంటారట. నన్ను చూడగానే, "మీరుండగా నేనా? కూర్చోండి సార్" అంటూ వెనక్కి వెళ్లి, ఇద్దరు టీచర్ల పక్కన సర్దుకున్నారు. వారిలో మేరీ టీచర్ ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.

బయట మంచు. అద్దాలు మూసిన కారు వెచ్చగా ఉంది. ఊరు దాటేసరికి నాకు కునుకు పట్టేసింది.

"సార్! లారీ!" అన్న మేరీ టీచర్ కేకకు కళ్లు తెరిచాను. ఎదురుగా పత్తి బోరాల లారీ వెనక భాగం, మంచులో ఒక గోడలా. నా వైపు లేని బ్రేకును నా కుడికాలు తొక్కేసింది. సుధాకర్ గారు అప్పుడే ఉలిక్కిపడి లేచి స్టీరింగు ఎడమకు తిప్పారు. బయటికి పొడుచుకొచ్చిన బోరా మూట ఒకటి కారు కుడివైపు సైడు మిర్రర్‌ను ఊడగొట్టింది. కారు రోడ్డు దిగి పొలం గట్టున ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దిగి, డోరు పట్టుకుని నిలబడ్డాను. ఈ నలుగురినీ ఒక బండిలోకి ఎక్కించింది నేనే కదా అనుకున్నాను.

సుధాకర్ గారి తల్లి ఆసుపత్రిలో ఉందట. ఆయనకు మూడు రోజులుగా నిద్ర లేదట.

"ఒక్కణ్ణే అయితే సెలవు పెట్టేవాణ్ణండీ. నేను రానంటే వీళ్లంతా ఆగిపోతారు కదా" అన్నారు.

మేరీ టీచర్ ఏడుస్తూ నాతో అంది: "సుధాకర్ సార్ కళ్లు మూతలు పడటం ముందు అద్దంలో రెండుసార్లు చూశానండీ. ముందు మీరున్నారు కదా, మీకు తెలీదా అనుకున్నా. పెద్దోళ్ల మధ్య నేనేం మాట్లాడతాలే అని ఊరుకున్నా."

ఆ చలికాలమంతా తెల్లారి ఫోను మోగితే గుండె ఝల్లుమనేది. అయినా కలిసి వెళ్లమని చెప్పడం మానలేదు, మూడు మాటలు కలిపాను. నిద్ర లేనివాడు ఈ రోజు నడపలేనని నిర్మొహమాటంగా చెప్పాలి. ముందు సీట్లో కూర్చున్నవాడు నిద్రపోకూడదు. ఆపమనే హక్కు అందరికంటే చిన్నవాళ్లకూ ఉంటుంది.

ప్రమాదం తప్పింది కాబట్టి రిపోర్టు రాయనక్కర్లేదు. అయినా రాశాను. డ్రైవరుకు కునుకు పట్టిందని రాశాను. పక్కన ఇన్‌స్పెక్టరు కూడా నిద్రపోయాడని రాయడానికి భయపడ్డాను. ఆ వాక్యం ఇప్పుడు రాస్తున్నాను.