నూరా పడకూడదని నన్ను మంచు ఎక్కించారు

మా చిన్నప్పుడు... కువైట్‌లో జూలై ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడే మధ్యాహ్నాల్లో, మా అమ్మ స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని ఒక పెద్ద ఏసీ హాల్లోని మంచు మైదానం పక్కన వణుకుతూ కూర్చునేది. ఒళ్లో వేరేవాళ్ల పాప తువ్వాలు, నీళ్ల సీసా, చెప్పులు...

ఆ పాప పేరు నూరా. అమ్మ పనిచేసే కువైటీ ఇంటి పాప, నా ఈడుదే. ఆ ఇంటావిడను అమ్మ 'మామా' అనేది. ఇక్కడ ఇళ్లలో పనిచేసేవాళ్లంతా అలాగే అంటారు. నాన్న సబ్హాన్‌లో ఒక గోడౌన్ వ్యాను నడిపేవాడు. బడికి సెలవులొస్తే ఖైతాన్‌లోని మా ఒంటిగదిలో నన్ను చూసుకునే దిక్కు లేక, అమ్మ నన్నూ పనికి వెంట తీసుకెళ్లేది. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే... అందుకే ఆ బడి మాన్పించే ఆలోచన ఎవరికీ రాకుండా ఎక్కడికి రమ్మంటే అక్కడికి వెళ్లి, గమ్మున కూర్చునేదాన్ని.

ఆ వేసవిలో నూరాను ఐస్ హాకీ తరగతిలో చేర్చారు. అసలేమీ రాని పిల్లలకు మొదటి నుంచి నేర్పే తరగతి. ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, భుజాలకు, మోకాళ్లకు మందపాటి మెత్తలు, చేతిలో పొడుగాటి కర్ర. బూట్ల కింద కత్తిలాంటి ఇనప పట్టీ. అమ్మ నేల మీద కూర్చుని నూరా లేసులు బిగించేది. అంతా అయ్యాక నూరా మంచు మీద కాలు పెట్టేది... వెంటనే ఏడుపు. గోడ వదిలేది కాదు.

మామా విసిగిపోయి నా వైపు చూసింది. "ఈ పిల్లకు కూడా బూట్లు వెయ్యి. నూరా దీని చెయ్యి పట్టుకుంటుంది" అంది అమ్మతో.

నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే ఎగిరి గంతేసేదాన్నే... అది వేరే సంగతి.

అమ్మ నా లేసులు బిగిస్తూ చెవిలో చెప్పింది. "ఇదో గంగీ, నువ్వు పడితే పడు, ఏం కాదు. ఆ పాప మాత్రం పడకూడదు మే. దానికి దెబ్బ తగిలిందంటే మన పని ఖలాస్."

లోపల కోచ్ పిల్లలందర్నీ వరసగా నిలబెట్టింది. ఈ ఆటలో మొదటి పాఠం ఏమిటో తెలుసా... పడటం. మోకాళ్లు వంచి పక్కకు ఒరిగి పడాలి, తర్వాత లేవాలి. పిల్లలంతా కావాలని ధబీమని పడుతున్నారు, నవ్వుతూ లేస్తున్నారు.

నూరా వంతు వచ్చింది. అది ఒరగగానే నేను బొంతలాగా దాని కింద పరుచుకున్నాను. దాని మోచెయ్యి నా పక్కటెముకల్లో దిగింది.

"ఏం చేస్తున్నావు నువ్వు? ఆమెను పడనివ్వు" అంది కోచ్ ఇంగ్లీషులో.

"పడకూడదు మిస్. మా అమ్మ చెప్పింది."

బయట కూర్చున్న తల్లిదండ్రులు ఘొల్లున నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు. బాగా చేశావన్నట్టు నా వైపు చూసి తలూపింది. ఆ తలూపడం గుర్తొస్తే ఈరోజుకీ నాకు ఒళ్లు మండుతుంది.

కానీ నాకు మంచు మీద జారడం వచ్చేసింది... కాళ్లకు ఆట అంటుకుంది. బూటు అంచు మంచును కోసే చప్పుడు, బంతికి బదులు వాడే నల్లటి రబ్బరు బిళ్ల కర్రకు తగిలినప్పుడు అరచేతిలో పుట్టే జిల్లు... వెనక్కి జారడం కూడా వచ్చింది. రాత్రి మా గదిలో బండల మీద సాక్సులతో జారుతుంటే నాన్న, "దీనికి పిచ్చి పట్టినాది" అని మురిసిపోయేవాడు.

ఒకరోజు నూరా నా చెయ్యి వదిలేసి ఒంటరిగా జారింది. సంతోషంతో చప్పట్లు కొట్టాను. అప్పుడే మామా గేటు దగ్గర్నుంచి పిలిచింది. "యల్లా, ఇక చాలు. బూట్లు విప్పెయ్."

కోచ్ గబగబా వచ్చింది. "ఈ అమ్మాయిని ఉండనివ్వండి. బూట్లు, కర్ర మేమే ఇస్తాం. చక్కగా ఆడుతోంది."

"నూరా కోసం వచ్చింది కదా. నూరాకు వచ్చేసింది" అంది మామా, చిరునవ్వుతో.

కోచ్ అమ్మ వైపు తిరిగింది. "తల్లివి నువ్వు కదా, నువ్వేమంటావు?"

ఆ ప్రశ్నను అమ్మకు తెలుగులో నేనే చెప్పాను. చెబుతూ అమ్మ కళ్లలోకి చూశాను... ఒక్కసారి, ఒక్కసారి అవునను అని.

అమ్మ మామా ముఖం చూసింది. "మామా ఎట్లంటే అట్లే."

ఆ మాటను కోచ్‌కు ఇంగ్లీషులో చెప్పింది కూడా నేనే. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కదా...

బూట్లు విప్పుతూ అమ్మ అంది, "ఏడ్సద్దు మే. మన ఊర్లో ఎవురన్నా ఐసు మీద నడిసినారా?" ఆమె వేళ్లు చలికి కొంకర్లు పోయి, ముడి ఊడి రాలేదు.

మొన్న నూరా ఆనాటి ఫొటో ఒకటి ఆన్‌లైన్‌లో పెట్టింది. పైన తను, కింద నేను. 'నన్ను పడనివ్వని మా పనమ్మాయి కూతురు, ఎంత ప్రేమో' అని రాసింది. కింద వందలకొద్దీ గుండె బొమ్మలు. మా బంధువు ఒకడు నాకు ఫోన్ చేసి, "అదృష్టవంతురాలివి అక్కా" అన్నాడు.

అది ప్రేమ కాదు నూరా. భయం. మా అమ్మ ఇఖామా... ఇక్కడ ఉండనిచ్చే కాగితం... మీ ఇంటి చేతిలో ఉండేది, ఆమె నోరు కూడా అక్కడే ఉండేది. అమ్మ మీద నాకు కోపం ఎప్పుడో పోయింది. నీ మీద, మీ అమ్మ మీద మాత్రం పోలేదు... పోవాలని కూడా నేను అనుకోవడం లేదు.

ఇప్పుడు కాలం మారింది అంటారు. అమ్మాయిలకు జట్లు వచ్చాయి, పిల్లలందరూ రావచ్చని బోర్డులు వచ్చాయి. ఆ 'అందరూ'లో ఇంట్లో పనిచేసే అమ్మల పిల్లలు ఎంతమంది ఉన్నారో నాకైతే కనబడలేదు.

మీరు ఆడుకున్న ఆటల గురించి తర్వాత చెబుదురు గానీ... చిన్నప్పుడు ఎవరి ఆటకు కాపలా కాశారో, ముందు అది చెప్పండి.