జిప్పుల అక్క కుట్టిన లెన్స్ సంచి

జిప్పుల అక్క పెదాల మధ్య గుండుసూదులు ఉన్నంతసేపూ ఆవిడతో మాట్లాడి లాభం లేదు. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు. వచ్చినవాళ్ళు ఏం కావాలో చెప్పి, స్టూలు మీద కూర్చుని, ఆవిడ చివరి సూది గుచ్చి నోరు ఖాళీ చేసుకునేదాకా నోరు మూసుకుని ఉండాల్సిందే. తొందరపెట్టినవాళ్ళని ఆవిడ కళ్ళతోనే తిట్టేది. ఆ తిట్లు తిన్నవాళ్ళు రెండోసారి తొందరపెట్టిన దాఖలా లేదు.

మొండికేసిన జిప్పు ఏదైనా సరే ఆవిడ చేతిలో పడితే బుద్ధిగా దారికొచ్చేది కనక ఆ పేరు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, దాని పక్కన బల్ల, గోడకి అరలు. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, బిగుతైనవి వదులు చెయ్యడం, చిరిగినచోట చిరుగు తెలియకుండా కలపడం ఆవిడ పని. కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్ళందరూ రెడీమేడ్ షాపులకి పోయారని ఎవరైనా జాలిపడితే నవ్వేసేది. "ఆ షాపులవాళ్ళు ఎవరి ఒంటికీ సరిపోనివి అమ్ముతున్నంతకాలం నాకేం ఢోకా లేదు" అనేది. చేతిపని మీద అంత ధీమా. నిజం చెప్పాలంటే ఆ ధీమా తప్ప ఆవిడకి గర్వపడేందుకు వేరే ఆస్తి లేదు, అక్కర్లేదని కూడా అనుకునేది.

ఒక్కగానొక్క కూతురు ఓ ఫొటో స్టూడియోలో చేరి చాలాకాలమైంది. చేరినప్పటినుంచీ లైట్లు మొయ్యడం, వైర్లు చుట్టడం, పెద్దవాళ్ళు ఫొటోలు తీస్తుంటే వెనకాల నిలబడడం. ఇన్నాళ్ళకి స్టూడియో ఆయన మనసు కరిగింది. ఊరి మైదానంలో జరిగే పరుగుపందేల రోజున ఒకవైపు తను, రెండోవైపు ఆ పిల్ల తియ్యాలన్నాడు. ఎవరికీ ఇవ్వని తన పొడుగు లెన్స్ కూడా ఆ పిల్ల చేతిలో పెట్టాడు. ఆ రోజు సవ్యంగా గడిస్తే లైట్లు మోసే పని తప్పి ఫొటోలు తీసే పని వస్తుంది. లెన్స్‌కి చిన్న గీత పడినా మళ్ళీ ఆ గుమ్మం తొక్కేది లేదు. ఆయన అలా అన్నాడని కాదు, అనకపోయినా తెలిసే విషయం.

లెన్స్‌కి ఉన్న పెట్టె గట్టిది, బరువైనది. నడుముకి తగిలించుకుని పరిగెత్తడానికి పనికిరాదు. అందుకని తల్లీకూతుళ్ళు షాపుకెళ్ళి, అక్కడి సంచుల ధరలు చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇంకేదో పని గుర్తొచ్చినట్టు బయటికొచ్చేశారు.

"దీనికింత ఆలోచనేంటే? నేను కుడతా" అంది తల్లి.

కూతురు వెంటనే ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "కుట్టు. కానీ అడుగు మాత్రం మెత్తగా ఉండాలమ్మా. అక్కడ మూత లేకుండానే లెన్స్ లోపల పెడతాను. మాటిమాటికీ మూత పెట్టి తీసే టైం ఉండదు. అద్దం కిందికే ఉంటుంది" అంది.

"ఎంత మెత్తగా?"

"నీ బుగ్గంత."

"నా బుగ్గ ఎప్పుడో గట్టిపడిందిలేవే. నీ బుగ్గంత కుడతాలే."

పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి కత్తిరిస్తే సంచికి ఒళ్ళు తయారైపోయింది. కాలు గుండ్రంగానే ఉంటుంది కాబట్టి పక్కకుట్టు శ్రమ కూడా తప్పింది. కసరత్తు చేసుకునే స్పాంజి చాప మూలన పడి ఉంటే దాన్ని కోసి చుట్టూ దళసరిగా పెట్టింది. లోపలికి పాత ఫ్లానెల్ దుప్పటి గుడ్డ. అడుక్కి స్టీలు గ్లాసు బోర్లించి గీసి, గుండ్రటి స్పాంజి ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి బొద్దుగా దిండులా చేసింది. కారులో బెల్టు లాంటి పట్టీ ఒకటి పాత బ్యాగునుంచి ఊడదీసి భుజానికి వేసింది. పైన తాడు లాగితే మూతి ముడుచుకుంటుంది. బయటినుంచి చూస్తే అది ఒకప్పుడు ప్యాంటని చెబితే తప్ప తెలియదు.

పందేల రోజు పొద్దున, తల్లి అడుగు అతికిస్తుండగా, కూతురు లోపల తల దువ్వుకుంటూ, "అమ్మా, అయిందా? బస్సు పోతుంది!" అని కేకేసింది. ఒకసారి కాదు, ఆగకుండా. ఇంకెవరైనా అయితే జిప్పుల అక్క పలికేది కాదు. కూతురాయె, పైగా అది మామూలు రోజు కాదాయె. నోట్లో సూదులు తీసి పక్కన గుచ్చి, "వస్తున్నానే, ప్రాణం తియ్యకు!" అని అరిచింది. మళ్ళీ సూదులు అందుకుని పని కానిచ్చింది. అడుగు మీద ఫ్లానెల్ బిగించి చేతికుట్టు వేసి, దారం కొరికి సంచి కూతురి చేతికిచ్చింది. మూత పెట్టి ఉన్న లెన్స్ అందులో ఇమిడిన తీరు చూసి కూతురు తల్లి బుగ్గ గిల్లి పరుగెత్తింది.

మధ్యాహ్నం బేకరీ ఆయన కొత్త ప్యాంటు వేసుకుని వచ్చి స్టూలెక్కి నిలబడ్డాడు. పొడుగు ఎక్కువైంది, మడిచి కుట్టాలి. జిప్పుల అక్క ఒక కాలు మడిచి సూదులు గుచ్చింది. రెండో కాలు దగ్గరికి వచ్చేసరికి మిగిలిన సూది చేతిలో ఉండగా, బట్టలు అయ్యాయా అని ఎవరో ఫోను చేశారు. చెయ్యి దానంతట అదే వెళ్ళి సూదిని బల్ల మీదున్న గుండ్రటి సూదుల దిండుకి గుచ్చింది.

గుచ్చిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పొద్దున ఈ దిండు బల్ల మీద లేదు. పై అరలో, విప్పిన బట్టల కింద ఉంది. ఇందాకే తీసి పెట్టుకుంది. మరి పొద్దున కూతురికి బదులిస్తూ సూదులు దేనికి గుచ్చినట్టు?

ఆలోచించాల్సిన పనే లేకపోయింది. బల్ల మీద అప్పుడు గుండ్రంగా, బొద్దుగా, మెత్తగా ఉన్నది ఒక్కటే. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, మెత్తటి గుండ్రం కనబడగానే దిండే అనుకుని గుచ్చేసింది. తర్వాత తీసింది, అది గుర్తుంది. అన్నీ తీసిందా? అవి తల ఉందా లేదా అన్నంత సన్నటి సూదులు. స్పాంజి మింగేస్తే పైకి కనబడవు. చేత్తో తడిమితే తగలవు. అడుగుని తిరగేసి బిగించింది కనక, బరువు పడితే మాత్రం మొన పైకి లేస్తుంది.

ఆవిడ నేల మీద అయస్కాంతం ఆడించి చూసింది, బల్ల కింద వెతికింది. ఒకటీ అరా తగిలాయి కానీ అవి ఏనాటివో ఎవరికి తెలుసు? కూతురికి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసినా అంతే. పనిలో ఉంటే ఫోను మూగబెడుతుంది ఆ పిల్ల.

"ఏంటక్కా, మొహం అలా అయిపోయింది?" అన్నాడు స్టూలు మీద బేకరీ ఆయన.

"తమ్ముడూ, నీ స్కూటరు ఉందా?"

"ఉంది కానీ, ప్యాంటు..."

"ప్యాంటు ఎక్కడికీ పోదు. నన్ను మైదానం దగ్గర దించు. నా కూతురి బతుకు మీదికి తెచ్చాను."

పాపం మంచివాడు. ఒక కాలు మడిచి, ఒక కాలు ఈడ్చుకుంటూ, సూదులు గుచ్చుకున్నప్పుడల్లా "అబ్బా" అనుకుంటూ స్కూటరు నడిపాడు. దారిలో అడ్డం పడ్డ ప్రతి బండినీ వెనకనుంచి జిప్పుల అక్కే తిట్టింది. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు దిగి పరిగెత్తుదామా అనుకుంది. సూది లేకపోతే? ఇంత హడావిడి చేసి వెళ్ళి పిల్ల పరువు తియ్యడమేగా! ఉంటే? బేకరీ ఆయన ఆవిణ్ణి గేటు దగ్గర దించి, కొట్టు వదిలేసి వచ్చానంటూ వెనక్కి తిప్పుకున్నాడు.

లోపల జనం, ఈలలు, మైకు. గేటు మనిషి ఆపి ఏదో అడుగుతున్నాడు. "మా అమ్మాయికి మందివ్వాలి బాబూ" అని నోటికొచ్చింది చెప్పి దూసుకుపోయింది. పరుగు గీతల పక్కన కట్టిన తాడు వెంబడే వెతుక్కుంటూ పోతే, మూల మలుపులో మోకాలి మీద కూర్చుని కూతురు కనిపించింది. నడుముకి జీన్స్ సంచి, మూతి తెరుచుకుని ఉంది. అప్పటిదాకా కెమెరాకే ఉన్న పొడుగు లెన్స్‌ని కూతురు ఊడదీసి చిన్నది తగిలించింది. పొడుగుదాన్ని, మూత లేనిదాన్ని, అద్దం కిందికి పట్టుకుని సంచి మూతి మీదికి తెచ్చింది.

"పెట్టకే!"

అంత గొంతు తనకుందని జిప్పుల అక్కకే తెలియదు. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. కూతురి చెయ్యి గాల్లో ఆగింది.

"అందులో పెట్టకు! గుండుసూది ఉంది!"

కూతురు లెన్స్‌ని వెనక్కి లాక్కుంది. అటువైపునుంచి స్టూడియో ఆయన గబగబా వచ్చాడు. ఇంతలో మైకులో ఆఖరి పందెం పిలిచారు. ఆయన ఏమీ అడక్కుండా కూతురి చేతిలోనుంచి లెన్స్ తీసుకుని, నడుమునుంచి సంచి విప్పించి, "ముందు పందెం తియ్యి. మిగతావి తర్వాత" అన్నాడు. కూతురు గీత దగ్గరికి పరిగెత్తింది.

తల్లీ, ఆయనా మిగిలారు. ఆయన లెన్స్‌ని చంకలో బిడ్డలా పెట్టుకుని, రెండో చెయ్యి సంచిలో పెట్టి అడుగంతా తడిమాడు. "ఏమీ లేదే" అన్నాడు.

"బరువు పడాలి బాబూ."

ఆయన పిడికిలి బిగించి అదిమాడు. మరుక్షణం "స్స్" అని చెయ్యి లాక్కున్నాడు. వేలి కణుపు మీద ఎర్రటి చుక్క ఉబ్బింది. ఆ చుక్క వంక, తర్వాత చంకలో ఉన్న లెన్స్ వంక చూసుకున్నాడు. ఉందన్న భయం, వచ్చి మంచిపని చేశానన్న ఊరట, రెండూ జిప్పుల అక్కకి ఒక్కసారే వచ్చాయి.

"షాపులో కొన్న సంచిలో గుండుసూది ఎందుకుంటుందమ్మా?" అన్నాడాయన.

ఆవిడకి అర్థం కాలేదు. "కొన్న సంచా?"

"కొన్నానని మీ అమ్మాయే చెప్పింది. నేను ముందే అన్నాను, ఇంట్లో కుట్టిన గుడ్డసంచుల్లో నా లెన్స్ పెట్టొద్దని. వెనకటికి ఒకడు అలాగే పెడితే పట్టీ తెగి లెన్స్ ముక్కలైంది. సరేనంది. కొన్నానంది."

అదీ సంగతి. కుడతానన్నప్పుడు పిల్ల కాసేపు మాట్లాడకపోవడం ఇందుకన్నమాట. నా చేతిపని చెప్పుకోడానికి పనికిరానిదైందా అనుకుంది. కానీ నొచ్చుకోడానికి అది వేళ కాదు. ఆయన కళ్ళల్లో గుండుసూది మీద కోపం కన్నా అబద్ధం మీద కోపం ఎక్కువగా కనబడుతోంది.

"కొన్నదే బాబూ" అంది జిప్పుల అక్క. "పట్టీ వదులుగా ఉంటే నేనే పొద్దున బిగించాను. అప్పుడు పడుంటుంది సూది. పిల్లకేం తెలియదు."

ఆయన సంచిని అటూ ఇటూ తిప్పాడు. "నిజంగా మీరు కుట్టింది కాదా?"

"నాకంత పనితనం ఎక్కడిది బాబూ? ఏదో జిప్పులు వేసుకుని బతికేదాన్ని. ఇంత చక్కగా కుట్టడం నాకు చేతకాదు."

ఆ మాట నోటినుంచి వచ్చాక గానీ అదెంత చేదో ఆవిడకి తెలియలేదు. ఆయన మొహం మెత్తబడింది. నమ్మాడు. పని గట్టెక్కింది అనుకుంటూ తలెత్తేసరికి ఎదురుగా కూతురు. పందెం అయిపోయి ఎంతసేపైందో, ఎంతసేపటినుంచి నిలబడిందో, కెమెరా గుండెలకి పట్టుకుని తల్లినే చూస్తోంది.

"కాదు సార్" అంది కూతురు.

"నువ్వూరుకోవే" అంది తల్లి గొంతు తగ్గించి.

"కాదు సార్. మా అమ్మే కుట్టింది. మొత్తం అమ్మే. కొనలేక కుట్టించుకున్నాను. కొన్నానని మీకు అబద్ధం చెప్పాను."

మైకులో గెలిచినవాళ్ళ పేర్లు చదువుతున్నారు. ఆయన చొక్కా అంచుతో వేలు తుడుచుకుని, లెన్స్‌కి మూత పెట్టి తన పెట్టెలో సర్దుకున్నాడు.

"రేపు స్టూడియోకి రా" అన్నాడు చివరికి. "కానీ కెమెరా కాదు, లైట్లే. అబద్ధం చెప్పినవాళ్ళ చేతికి నేను లెన్స్ ఇవ్వను. ఎన్నాళ్ళని అడక్కు, నాకూ తెలీదు." ఖాళీ సంచి ఆ పిల్ల చేతికిచ్చి, పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు.

జిప్పుల అక్క కూతురి రెక్క పట్టుకుని జనం లేని వైపుకి లాక్కెళ్ళింది. "ఎందుకే చెప్పావు? నమ్మేశాడు కదే! అంతా సర్దేశాను కదే! నీ నోటికాడ కూడు నువ్వే తన్నుకున్నావు కదే!"

కూతురు సంచి మీద ఆయన వేలినుంచి అంటిన ఎర్ర మరకని బొటనవేలితో రుద్దింది. తర్వాత మెల్లగా అంది. "నీకు చేతకాదన్నావమ్మా. నేను పక్కనే ఉండగా, నీకు చేతకాదన్నావు. అది వినలేకపోయాను."

జిప్పుల అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కూతురు జీన్స్ సంచిని, ఖాళీదాన్నే, అందరికీ కనిపించేలా భుజానికి తగిలించుకుని తల్లి చెయ్యి పట్టుకుంది. గేటు దాకా ఆవిడ ఏడుస్తూనే నడిచింది.