సున్నపు గీతల నడుమ ఆగిన ట్రాలీ

దయ్యాల ముచ్చట ఎత్తినవాళ్లను దుకాణం మెట్ల మీది నుంచే లేపి పంపే మనిషిని నేను. నా బడి నాలుగో తరగతితో అయిపోయింది. తర్వాత చదివిందంతా మా ఇనుము, సిమెంటు దుకాణం గల్లా ముందు కూర్చుని చదివిందే. చేతికి తగలనిదాన్ని ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. అట్లాంటిది, చేతికే తగిలిందని రాయాల్సి వస్తోంది.

మా ఊరి పేరు ఎందుకు గానీ, రాయచూరు నుంచి లింగసుగూరు పోయే రోడ్డు మీద ఉంది. అక్కడి సర్కారు దవాఖానకు కొత్త కాన్పుల వార్డు మంజూరైంది. కమిటీలో ఊరి తరఫున నేనొకణ్ణి. పాత దవాఖానలో ఆపరేషన్ గది ముందు మలుపు మహా ఇరుకు. ఒకప్పుడు మా చెల్లెలిని నొప్పులతో తీసుకుపోతే ట్రాలీ అక్కడ తిరగలేదు. దుప్పట్లో వేసి మోశారు. బిడ్డా దక్కలేదు, తల్లీ దక్కలేదు. కొత్త వార్డులో అట్లాంటి మలుపు ఉండొద్దన్నదే నా పంతం.

డిజైన్ పని ఎవరికివ్వాలన్న రోజు కమిటీలోని సర్కారు ఇంజినీరు సాబు రేటు ఒక్కటే చూశాడు. తక్కువ రేటు వేసిన వీళ్లు ఇంతకుముందు దవాఖాన గీసినారా, మన జాగాకు వచ్చి చూసినారా అని అడిగితే అందరూ నన్నే వింతగా చూశారు. చివరికి బిల్డింగ్ నక్షా గీసే పని బెంగళూరులో సుచేత అనే ఆమెకు, పిల్లర్ల నక్షా హుబ్బళ్లిలో ఇంకొకరికి ఇచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టి చూసేదెవరంటే ఇంజినీరు సాబు తర్వాతి కాగితం తీశాడు. నేను సంతకం చేయనన్నాను.

మా ఇండ్లలో ఒక రివాజు ఉంది. పునాది తవ్వకముందు నేల మీద సున్నంతో గదులు గీస్తాం. ఇంటామె నిండు బిందెతో వంటింటి నుంచి వాకిలి దాకా నడిచి చూస్తుంది. ఇరుకైతే చెరిపి మళ్లీ గీస్తాం. దవాఖానకూ అదే చేద్దాం, బిందెకు బదులు ట్రాలీ పెడదామన్నాను.

“ఏంది సావుకార్, దవాఖానల నీళ్లు మోయిస్తరా?” అన్నాడు ఇంజినీరు. సుచేత మాత్రం ఒక పూట పనేగదా అని టేపు పట్టుకుని వచ్చింది.

పొద్దున పూట. రోలర్ తొక్కించిన గట్టి నేల. ఆమె తన నక్షా ప్రకారం గీతలు వేయించింది. మలుపు బాగానే వెడల్పుగా కనిపించింది, నేనూ ఒప్పుకున్నాను. దవాఖాన ఆయా బసమ్మ ట్రాలీ మీద పడుకుని, “జల్ది నూకుండ్రి, నొప్పులు షురువైనయి” అని అందరినీ నవ్వించింది. నేనూ ఇంజినీరూ తోశాం.

మలుపు దగ్గర, రెండు గీతల నడుమ, ట్రాలీ ధన్ మని ఆగింది. గోడకు గుద్దితే వచ్చే అదురు నా మణికట్లకు తెలిసింది. బసమ్మ లేచి కూర్చుంది. “దేనికి గుద్దిన్రు?”

ముందు ఏమీ లేదు. వెనక్కి లాగితే వచ్చింది. ముందుకు తోస్తే మళ్లీ అక్కడే ఆగింది. ఇంజినీరు కంకరరాయి అన్నాడు. చీపురుతో ఊడ్పించాం, రాయి లేదు. సుచేత ఆ చోట చెయ్యి ఆడించింది. గాలి తప్ప ఏమీ లేదు.

ఆమె ఏమనుకుందో, హుబ్బళ్లికి ఫోన్ చేసి పిల్లర్ల నక్షా పంపించమంది. అది అప్పటిదాకా మాలో ఎవరూ చూడలేదు. ఫోన్‌లో చూసుకుంటూ టేపు పట్టి కొలిచింది. కొలత తేలిన చోట, ట్రాలీ ముందు అంచు దగ్గరే, సుచేత కూర్చుండిపోయింది.

“సావుకార్, వాళ్ల నక్షాలో ఇక్కడ పిల్లర్ ఉంది,” అంది మెల్లగా.

ఇంజినీరు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. అక్కడికక్కడే హుబ్బళ్లివాళ్లతో ఫోన్‌లో మాట్లాడి నక్షాలో ఆ పిల్లర్‌ను గోడలోకి జరిపించారు. రెండు నక్షాలకూ ఇకనుంచి సుచేతదే జవాబుదారీ అన్నారు. ఆ మాట అయ్యాక ట్రాలీని మళ్లీ తోశాం. ఎక్కడా ఆగకుండా పోయింది.

మీ చెల్లెలే అడ్డం నిలబడ్డదని బసమ్మ అంటుంది. ఆ మాటంటే నాకు కోపం. ఇంజినీరు ఇప్పటికీ కంకరరాయే అంటాడు, దానికీ కోపమే. నా దగ్గర మాత్రం మూడో మాట లేదు.

వార్డు లేచింది, కాన్పులు అవుతున్నాయి. దేనికి గుద్దామో నాకు తెలియదు. గుద్దిన పొద్దు ఆ ట్రాలీ మీద ఉన్నది పరాచికాలాడే బసమ్మ, నొప్పులు పడే ఆడబిడ్డ కాదు. నా గుండె బరువు దిగడానికి అంత చాలు.