లడ్డూ పెట్టెకి ఎర్రబొట్టు

చక్కెర, కొవ్వు ఎక్కువుంటే తినుబండారాల పొట్లం ముందువైపు హెచ్చరిక వేయాలా, రేటింగు నక్షత్రాలు వేయాలా అని ఆహార శాఖ పెద్దలు ఇంకా ఆలోచిస్తున్నారట. సాయం చేద్దామని ఈ సాయంత్రం బందరులో మా బావ మిఠాయి కొట్లో తొక్కుడు లడ్డూ పెట్టెల్లో సగానికి మా ఆవిడ ఎర్ర బొట్టుబిళ్లలు తెచ్చి అంటించాను.

"పండగ బేరం ముంచావు కదరా!" అని బావ లబలబలాడాడు.

ఇంతలో గుడివాడ నుంచి వచ్చిన ఒకావిడ, "ఈ బొట్టేంటండీ?" అని అడిగింది.

"నెయ్యి, పంచదార మరీ ఎక్కువని హెచ్చరికండీ," అన్నాను.

"అయితే బొట్టున్నవే రెండివ్వండి. మొన్న కొన్నదాంట్లో నెయ్యి వాసనే లేదు."

ఆ తర్వాత వచ్చినవాళ్లూ అవే అడిగారు. బొట్టు లేనివి మిగిలిపోతే, వాటికీ అంటించమని బావ ఇప్పుడు నా వెంటపడ్డాడు.

గుర్తు ఖాయం చేసేముందు ఆ పెద్దలు ఒక పూట మా కొట్లో నిలబడాలి. మీరైతే ఏ పెట్టె తీసుకుంటారో నిజం చెప్పండి.