మోకాల్లో టక్కుమన్న రోజు

ఆ రోజు వెనక్కి ఎగిరి స్మాష్ కొట్టి కిందికి దిగాను. ఎడమ పాదం నేలకు ఆనగానే మోకాల్లో ఏదో టక్కుమంది. బ్యాడ్మింటన్ కోర్టులో చప్పుళ్ళకు కొదవ లేదు. రాకెట్టు, బూట్లు, చెక్క నేల, అన్నీ మోగుతూనే ఉంటాయి. ఇది వాటిలో ఏదీ కాదని నాకు వెంటనే తెలిసింది.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. మాది మద్రాసులో తొండియార్‌పేట. నాయన హార్బర్లో మూటలు మోసేవాడు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ట్రయల్స్ దగ్గర పడ్డాయి. ఉద్యోగం వస్తే ఆట మిగులుతుంది, రాకపోతే ఏదో ఒక కొట్లో కూర్చోవాలి. నా బతుకంతా ఆ ట్రయల్స్ మీదే ఉంది.

నాకు ఆట నేర్పేది సున్‌జా అక్క. మేమంతా కొరియా అక్క అనేవాళ్ళం. ఊరి బయట కొత్తగా కడుతున్న కార్ల ఫ్యాక్టరీలో ఆమె భర్త ఇంజనీరు. ఆయనతో మద్రాసు వచ్చి, ఇంట్లో ఊరికే కూర్చోలేక మా క్లబ్బులో ఆడపిల్లలకు నేర్పేది. ఆమె పరుగెత్తుకొచ్చి నా పక్కన కూలబడి, మోకాలు పట్టుకుని, “సౌండ్? ఇన్‌సైడ్ సౌండ్?” అని అడిగింది. తలూపాను. ఆమె మొహం పాలిపోయింది. తన ట్రాక్ ప్యాంటు పైకి లాగి మోకాలి మీది పొడుగాటి మచ్చ చూపించింది. “మీ ఆల్సో సౌండ్,” అంది.

ఆమె కథ నాకు తెలిసింది ఆ రోజే, వచ్చీరాని ఇంగ్లీషులో, అప్పటికే వాచిన మోకాలికి ఐస్ గడ్డ పెట్టించుకుంటూ. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆటకు ఏరి హాస్టల్లో పెట్టారట. దేశం జట్టులో సింగిల్స్ ఆడిందట, పతకాలు తెచ్చిందట. ఆట మంచి ఊపు మీదున్నప్పుడు ఆ చప్పుడు. కోచ్ మోకాల్లో ఇంజెక్షన్ వేయించి ఆడమన్నాడు. ఆడింది. ఆ ఏడాది తిరిగేసరికి మోకాలూ పోయింది, జట్టులో చోటూ పోయింది. “బిగ్ డాక్టర్ గో,” అంది. “బ్యాండేజ్ నో. ప్లే నో.”

దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. డ్యూటీ డాక్టరు దాన్ని వెలుగుకేసి పట్టి చూసి, “ఫ్రాక్చర్ ఒన్నుమ్ ఇల్లమ్మా. స్ప్రెయిన్ దా. రెస్ట్ తీసుకో,” అన్నాడు. ఎముక విరగలేదు, బెణికిందంతే అంటే మా ఇంట్లో పండగే. మా అవ్వ వెంటనే ఎముకలు అతికించే నాటువైద్యుల కట్టు మాటెత్తింది.

“మీ నాయన చెయ్యి ఇరిగితే ఆ కట్టే గదమే అతికించింది? ఆడికే పోదాం.”

“కట్టు వద్దనింది అవ్వా కొరియా అక్క. పెద్ద డాక్టరు కాడికి పొమ్మనింది.”

“ఆ కొరియామెకి మన వైద్యం ఏం తెలుసు? ఏమీ లేదని డాక్టరే చెప్పినాడు గదా!”

నాయన చెయ్యి నిజంగానే అతుక్కుంది. ఇవాళ్టికీ ఆ చేత్తోనే మూటలు లాగుతాడు. అందుకే ఎవరినీ తప్పు పట్టలేను. ఆకుపసరు, గుడ్డు సొన రాసి, వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టారు. కట్టు ఎముకను అతికిస్తుంది. నాకు తెగింది ఎముక కాదు.

కట్టు విప్పాక వాపు లేదు, నొప్పి లేదు. మెట్లు ఎక్కాను, దిగాను. అవ్వ దిష్టి తీసింది. అక్క ఒక్కతే ఆడొద్దని నెత్తీ నోరూ కొట్టుకుంది. ట్రయల్స్‌లో మొదటి గేమ్ గెలిచాను కూడా. రెండో గేమ్‌లో నెట్ దగ్గర పక్కకు తిరిగాను, అంతే, మోకాలు నా కింద లేకుండా పోయింది. ఈసారి చప్పుడు గోడ పక్కన కూర్చున్న నాయనకూ వినబడిందట.

అప్పుడు వెళ్ళాం పెద్ద డాక్టరు దగ్గరికి. ఎమ్మారై తీయించి చూశాడు. “ఏసీఎల్ కంప్లీట్ టేర్. మోకాల్లో ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ అది, మొదటిసారే తెగిపోయింది. ఇప్పుడు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరిగింది. లిగమెంట్ ఎక్స్‌రేలో కనబడదమ్మా.”

“మళ్ళీ ఆడతానా సార్?”

“ముందు నడుద్దాం.”

ఆపరేషన్ చేసి తొడలోంచి నరం లాంటిది తీసి కొత్త లిగమెంట్ వేశారు. అప్పట్లో ఆడవాళ్ళ సింగిల్స్ పదకొండు పాయింట్ల ఆట, సర్వీసు మన చేతిలో ఉంటేనే పాయింటు. “నౌ డాక్టర్ సర్వీస్. యూ వెయిట్,” అనేది అక్క మంచం పక్కన కూర్చుని. వెయిట్ చేశాను. గోరుచుట్టు మీద రోకటి పోటులా జ్వరం వచ్చింది, కుట్ల లోంచి చీము. ఇన్‌ఫెక్షన్ అన్నారు. మళ్ళీ తెరిచి కడిగారు, వేసిన లిగమెంట్ తీసేశారు. ఆ తర్వాత మోకాలు కొయ్యబారింది. ఫిజియోథెరపీలో “ఇంకొంచెం, ఇంకొంచెం” అని వంచుతుంటే చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని. ఒకరోజు ఆ ఫిజియో అమ్మాయిని బూతులు కూడా తిట్టాను, పాపం. చివరికి డాక్టరే చెప్పేశాడు: “స్టిఫ్‌నెస్ ఇక పోదు. దీంతోనే అలవాటు పడాలి.” సర్వీసు నా చేతికి రాలేదు.

మా లైన్ ఇళ్ళలో దొడ్డికి గొంతుక్కూర్చోవాలి. వంగని కాలితో అది ఎంత నరకమో ఎవరూ రాయరు, అందుకే రాస్తున్నాను. కూర్చునే చోట మధ్యలో కోసేసిన కుర్చీ ఒకటి పెట్టాడు నాయన. అవ్వ ఆ కుర్చీని చూసినప్పుడల్లా కళ్ళు తుడుచుకుంటుంది. నాకు ఓదార్చే ఓపిక లేదు.

ఇప్పుడు టి. నగర్‌లో ఒక స్పోర్ట్స్ కొట్లో రాకెట్లకు గట్టింగ్ వేస్తాను, అంటే తీగలు అల్లి బిగిస్తాను. కాలు చాచుకుని చేసే పనే. “బిగ్గా వెయ్యక్కా, మ్యాచ్ ఉంది,” అంటారు పిల్లలు. వేస్తాను. కడుపు మండుతుంది. అలవాటైపోతుందన్నారు గానీ కాలేదు.

భర్త ఉద్యోగం ముగిసి వెళ్ళిపోయేముందు అక్క నన్ను క్లబ్బుకు తీసుకెళ్ళింది. కోర్టు మధ్య నిలబెట్టి, సరిగ్గా నా చేతికే వచ్చేలా షటిల్ వేసింది. కొట్టాను. మళ్ళీ చేతికే. మళ్ళీ చేతికే. “ఇట్లా ఇచ్చేది ఆట కాదక్కా!” అని అరిచాను. ఆమె తర్వాతి షటిల్‌ను నెట్ మీదుగా మెత్తగా, నాకు కాస్త దూరంగా వదిలింది. అది నేలను తాకేదాకా చూస్తూ నిలబడ్డాను. మంచి డ్రాప్.

చదివేవాళ్ళకు ఒక్క మాట. మోకాల్లో చప్పుడయి వెంటనే వాచిందంటే, ఎక్స్‌రే బాగుందన్నారని ఇంటికి రాకండి. “లిగమెంట్ చూడండి డాక్టర్” అని నోరు తెరిచి అడగండి. చూసేదాకా కోర్టు గడప తొక్కకండి. నొప్పి లేదు కదా అంటారా? నొప్పి లేదనే నేనూ దిగాను.