తాళం ఉంది కాబట్టి ఎవరూ లేరనుకున్నాను

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్ట్ మొదలైన నాలుగేళ్లకు అక్కడి ఒక అపార్ట్‌మెంట్‌లో చేరాను. ఇంజనీరింగ్ చదివానని అగ్నిప్రమాద జాగ్రత్తల పని అసోసియేషన్ వాళ్లు నాకే అప్పగించారు. ప్రతి ఫ్లాటుకూ ఒక గడి గీసి పట్టిక తయారుచేశాను.

ఒక మధ్యాహ్నం మెట్ల కింద మీటర్ బోర్డు అంటుకుని, మెట్లదారంతా పొగ కమ్మింది. మెయిన్ ఆపించి, ఫైరింజన్‌కి ఫోన్ చేసి, అందరినీ కిందికి దింపాను. మూడో అంతస్తులో ఒక తలుపుకి తాళం ఉంటే, ఆ గడిలో 'ఎవరూ లేరు' అని రాశాను. గేటు దగ్గరికొచ్చి, లెక్క సరిపోయిందని చెప్పాను.

"యాదగిరన్న ఏడి?" అంది ఆ ఫ్లాటు ఎదురింటి సుజాతక్క.

"వాళ్లింటికి తాళం ఉందక్కా."

"అయ్యో, లోపలనే పండుకున్నడు! రాత్రంతా ఎయిర్‌పోర్ట్ క్యాబ్ నడుపుతడు గద. ఎవరూ బెల్ కొట్టి లేపొద్దని వదిన బయట తాళమేసి పోతది!"

నేనూ వాచ్‌మనూ తడి తువ్వాళ్లు ముఖానికి కట్టుకుని పైకి పరుగెత్తి, సుత్తితో తాళం పగలగొట్టాం.

యాదగిరన్న కళ్లు నులుముకుంటూ లేచాడు. "ఏంది తమ్మీ, గిట్లనా లేపేది?" అని కసిరాడు. అంతలోనే పొగ చూసి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. దిగేదాకా వదల్లేదు.

ఆ సాయంత్రం అతని భార్య కొత్త తాళం కొని, దాని రెండో తాళంచెవి తెచ్చింది. అది జాగ్రత్త చేయడం నా బాధ్యతేనని చెయ్యి చాచాను. ఆమె దాన్ని సుజాతక్కకిచ్చింది.

నాకు చిన్నతనమనిపించినా, ఆమె చేసిందే సరైనదని తెలుసు. మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి, పగలు పడుకునేదెవరో, మెట్లు దిగలేనిదెవరో అడగడం మొదలుపెట్టాను.